మాటకు ముందు దగ్గు

మా ఆయన ఏ మాట చెప్పబోయినా ముందు ఒక దగ్గు దగ్గేవారు. జలుబు వల్ల కాదు, సిగరెట్టు అలవాటూ లేదు. గొంతులో "ఖ్హుఁ" అని చిన్న చప్పుడు చేసి, అది గదిలో అందరికీ చేరిందని తేల్చుకున్నాక మాట మొదలుపెట్టేవారు. పెళ్లైన కొత్తలో నాకు ఒళ్లు మండేది. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పడానికి కూడా దగ్గాలా అని ఒకరోజు నిలదీశాను. ఆయన ముందు దగ్గి, తర్వాత నవ్వి, "మా ఇంట్ల అందరం గంతే" అన్నారు.

అత్తగారింటికి వెళ్లాక అది నిజమేనని తెలిసింది. వాళ్లది నేతపని చేసే ఊరు. ఇంటి ముందు గదిలోనే సాంచెలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు, పొద్దున మొదలైతే అన్నాల వేళ దాకా ఆగేవి కావు. ఆ చప్పుడులో ఎవరు ఎవర్ని పిలిచినా వినపడదు. మామగారు దగ్గి మంచినీళ్లడిగారు, మరిది దగ్గి బయటికి వెళ్తున్నానన్నాడు, ఆడపడుచు దగ్గి నన్ను కూర్చోమంది. ఇంటిల్లిపాదికీ ఏదో అంటుకుందని నేను హడలిపోతుంటే మా అత్తగారు నా మొహం చూసి సంగతి చెప్పింది. "మొదటి మాటను సాంచె మింగుతది బిడ్డ. గందుకే ముందుగాల దగ్గును తోలుతం. అవతలోళ్లు ఇటు మళ్లినంక మాట చెప్తం." మాటను వృథా చెయ్యని ఇల్లు అది. నాకు నచ్చింది.

నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. వేరే భాషల సినిమాలకూ సీరియళ్లకూ తెలుగు మాటలు రాయడం నా పని. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ మూసుకుంటే అక్కడ ప, బ, మ లలో ఏదో ఒకటి పడాలి. ఎంత నోరు తెరిస్తే అంత అచ్చు పడాలి. అర్థం ఆ తర్వాతి సంగతి. ఏళ్ల తరబడి ఇదే పని చేసి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లలోకి కాకుండా నోటివైపు చూడటం అలవాటైపోయింది. "నా పళ్లేం చూస్తావే, మొహం చూడు" అని మా అమ్మ తిట్టేది.

ఆయనది బిట్ వాయిస్. అంటే సినిమాలో ఒకటి రెండు మాటలుండే వేషాలకు గొంతు ఇవ్వడం. వాచ్‌మన్, పోస్ట్‌మన్, పెళ్లిలో భోజనం బాగాలేదనే పెద్దమనిషి, "పేషెంటుకి స్పృహ వచ్చింది" అనే కాంపౌండరు, అన్నీ ఆయనే. నేను ఆయన్ని చూడకముందే విన్నాను. పంజగుట్టలో ఒక రికార్డింగ్ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, అద్దం అవతల నుంచి ఒక దగ్గు, దాని వెనక "అమ్మా, ఉత్తరం" అనే మాట వచ్చాయి. ఆ రెండు ముక్కల్లో ఎంత దయ ఉందంటే, ఆ ఉత్తరంలో చెడ్డ కబురు ఉండదని నాకు నమ్మకం కలిగింది. అద్దంలోంచి మనిషిని చూసింది ఆ తర్వాత. నేను ముందు పెళ్లాడింది ఆ గొంతునే, ఇది ఆయనకీ తెలుసు.

ఆ దగ్గును మాత్రం రికార్డింగ్ చేసే భాయ్ ప్రతిసారీ కత్తిరించేసేవాడు. మాటకు ముందు దగ్గుంటే పెదవులకు కుదరదు కదా. "అన్నా, నీ దగ్గులన్నీ కలిపితే ఒక సినిమా అయితది" అని ఎగతాళి చేసేవాడు. అమీర్‌పేట, పంజగుట్ట సందుల్లో ఉన్న రికార్డింగ్ గదుల్లో ఆయన మాట ఉంది, దగ్గు లేదు. దగ్గు మా ఇంట్లో ఉంది.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగారు, తేనె నాకారు, అల్లం నమిలారు. డాక్టరు దగ్గరికి మాత్రం రాలేదు. "గింతదానికి దవాఖానకేంది" అనేవారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదేనని నేను అరిచాను, వంట మానేశాను. చివరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. డాక్టరు సన్నటి గొట్టంలో కెమెరా పెట్టి చూసి, మాట పలికించే స్వరతంతువు మీద చిన్న బుడిపె ఉందన్నాడు. ప్రాణానికి ఢోకా లేదు, ఆపరేషన్ చేసి తీసేయాలి. "గొంతు మళ్లీ ఇలాగే ఉంటుందా?" అని నేనడిగాను. "ఉండొచ్చు, ఉండకపోవచ్చు. హామీ ఇవ్వలేను" అన్నాడాయన. ప్రాణానికి ఢోకా లేదన్న మాట వినపడగానే ఊపిరి పీల్చుకోవాల్సిన దాన్ని, రెండో మాట విని అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

ఆపరేషన్‌కు కొన్ని వారాల గడువుంది. ఈలోగా గట్టిగా అరవకుండా, రోజుకు కాసేపు పని చేసుకోవచ్చన్నారు. ఆ కొన్ని వారాల్లోనే ఫ్రెంచ్ మాస్టారు మా ఇంటి తలుపు తట్టారు.

అమీర్‌పేటలో మా వీధి చివర, కంప్యూటరు కోర్సుల బ్యానర్లు ఒకదాని మీద ఒకటి కట్టిన భవనంలో, మూడో అంతస్తులో ఆయన ఫ్రెంచి నేర్పుతారు. మాది తన జిల్లాకు పక్క జిల్లానే అని తెలిశాక నాతో చనువుగా ఉంటారు. ఆయనకు పాత ఫ్రెంచి సినిమాల పిచ్చి. హక్కుల కాలం తీరిపోయిన వాటిని తెలుగులోకి మార్చి, తన సొంత ఛానల్లో పెట్టుకుంటారు. చూసేవాళ్లు ఎందరో నేనడగలేదు, అడిగితే ఆయన నొచ్చుకుంటారని.

"ఒకే నటుడివి నాలుగు సినిమాలు దొరికాయండి. అన్నిట్లోనూ చిన్న వేషాలే. ఆ నాలుగింటిలో ఆయన గొంతు మీవారు ఇస్తే బాగుంటుందని నా ఆశ" అన్నారు మాస్టారు. మా ఆయన దగ్గి, "హీరోకు ఎవలు ఇస్తుండ్రు?" అని అడిగారు. "హీరోకి ఎవరైనా ఇస్తారండి" అన్నారాయన. ఆ జవాబుకి మా ఆయన పడిపోయారు.

ఆ నటుడి పేరు ఇక్కడ రాయను. రాసినా తెలిసేవాళ్లు తక్కువ, సొంత దేశంలోనే ఆయన పేరు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కట. మాస్టారు చెప్పినంతవరకు, ఎక్కడో చిన్న ఊరి నుంచి పారిస్ వచ్చాడు. జనం తింటూ తాగుతూ పాటలు వినే హాళ్లలో హాస్యపు పాటలు పాడేవాడు. మూకీల కాలంలో వేషాల కోసం తిరిగితే ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. పొట్టి మనిషి, బొద్దుగా ఉంటాడు, చిన్న కళ్లు, కిందికి వాలిన మీసం. అలాంటి మొహాలు వీధికి పదుంటాయి. ఆయన ఆస్తంతా గొంతులో ఉంది, అప్పటి తెరకేమో చెవుల్లేవు.

తర్వాత సినిమాకు మాటొచ్చింది. పేరున్న అందగాళ్లు కొందరు మైకు ముందు నోరు తెరిచి ఇళ్లకు వెళ్లిపోయారు. ఈయన నోరు తెరిచి లోపలికొచ్చాడు. ముక్కుతో పలికే గొంతు, సొంత ఊరి యాస, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టుండే తీరు. అప్పటినుంచి ప్రతి దర్శకుడికీ ఆయన కావలసొచ్చాడు, అయితే కాసేపటికే. హోటల్లో వెయిటరు, వీలునామా చదివే ప్లీడరు, స్టేషన్‌మాస్టరు, భార్యకు జడిసే మొగుడు, టోపీ మీద ఎవరో కూర్చుంటే లేవమనడానికి మొహమాటపడే ప్రయాణికుడు. ఆయన తెర మీదికి రాగానే హాలంతా ఒక్కసారి కుర్చీల్లో సర్దుకునేదట, ఇప్పుడు నవ్వొస్తుందని. వెళ్లిపోయాక ఆయన ఎవరని అడిగినవాళ్లు లేరు. పేర్ల అట్ట మీద ఆయన పేరు అన్నిటికన్నా కింద ఉండేది, కొన్నిట్లో అసలు ఉండేది కాదు.

మొదటి సినిమా మాస్టారి గదిలో చూశాం. అందులో ఆ నటుడు వెయిటరు. చేతిలో చారు గిన్నె పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి, బల్ల మీదున్న పూలకుండీ వైపు ఒంగి మాట్లాడతాడు. ఎదురుగా కూర్చున్న దొర వైపు చూడడు, పువ్వులతో చెబుతున్నట్టే చెబుతాడు. మా ఆయన ఫక్కున నవ్వారు. "మైకు గండ్లనే దాచిండ్రు" అన్నారు. మాస్టారు చప్పట్లు కొట్టారు. ఆ రోజుల్లో మైకును కదపలేక పూలకుండీల్లో, దీపాల్లో పెట్టేవారట, నటులు వాటి చుట్టూ మూగేవారట. ఆ తర్వాత వెయిటరు నోరు తెరవబోతూ భుజాలు కాస్త ఎత్తి "ఖ్హుఁ" అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. తెర మీది మనిషి మళ్లీ దగ్గి రెండో మాట చెప్పాడు. ప్రతి మాటకూ ముందు దగ్గుతున్నాడు.

"గీయన సాంచెల ఊరోడే" అన్నారు మా ఆయన.

రెండు రోజులు కూర్చుని నేను మాటలు రాశాను. "క్షమించండి దొరా, చారు చల్లారిపోయింది" అని చక్కగా, పెదవులకు అతికినట్టు రాశాను. మా ఆయన ఒకసారి చదివి హెడ్‌ఫోన్లు పక్కన పెట్టేశారు. "గీయనకు గీ భాష సెట్ కాదు" అన్నారు.

"ఎందుకు కాదు? ఇన్నేళ్లూ మీరు పలికింది ఇదే కదా!"

"ఇన్నేండ్లు వేరేటోళ్ల లెక్క మాట్లాడిన. గీయన మా మేనమామ లెక్కనే ఉన్నడు. గా మెడ తిప్పుడు చూడు."

నాకు చుర్రుమంది. నా మాటలు కొట్టేస్తే నేను మంచిదాన్ని కాదు. మా పనిలో తెలంగాణ మాటను రౌడీకో, తాగుబోతుకో ఇస్తారు. మంచివాడు కోస్తా మాట్లాడాలి. ఎవరు పెట్టిన చట్టమో తెలియదు కానీ అందరం దానికింద బతుకుతున్నాం. ఛానల్ మీది, మీరే చెప్పండని మాస్టారి మీద విరుచుకుపడ్డాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నిజానికి ఆయనా పారిస్ భాష మాట్లాడలేదండి. జనం నవ్వినా సరే, ఊరి యాస వదల్లేదు" అన్నారు. ఇక నేనేం చేస్తాను? కాగితాలు చింపేశాను. మా ఆయన తన మేనమామ ఎలా అంటాడో అలా అంటుంటే, నేను పెదవులు చూసుకుంటూ రాసుకున్నాను. "అయ్యో దొర, చారు చల్లగైందా? జర ఆగుండ్రి, ఉడుకుడుకుగ తెస్త." ఆ మాట ఆ బొద్దు మనిషి నోట్లోంచి రావడం విన్నప్పుడు, నా కోపం ఎటుపోయిందో నాకే తెలియలేదు. రాసింది నేనైనా, దాన్ని మొదటిసారి వింటున్నట్టు నవ్వాను.

ఇంకో సంగతి జరిగింది. రికార్డింగ్ చేసే భాయ్ అలవాటు చొప్పున దగ్గును కత్తిరించబోయాడు. "ఆగు భాయ్" అని అద్దం ఇవతల నుంచి నేనే అరిచాను. "తెర మీద ఆయన దగ్గుతున్నాడు. అది కావాలి." భాయ్ "కమాల్ అయింది" అని నవ్వాడు. ఎన్నో ఏళ్లకు మా ఆయన దగ్గు మొదటిసారి సినిమాలో మిగిలింది. గది నుంచి బయటికొచ్చి పంజగుట్ట ఫ్లైఓవర్ కింద ఇద్దరం చాయ్ తాగాం. ఆయన మొహంలో కొత్త చొక్కా వేసుకున్నవాడి సంబరం ఉంది. నాకు ఏడుపొచ్చింది, చాయ్ కాలిందని చెప్పాను.

ప్లీడరు వేషం, మొగుడు వేషం కూడా అలాగే అయ్యాయి. నాలుగో సినిమా ఆ నటుడి చివరిది. అందులో ఆయన లాడ్జి కాపలాదారు. ఇల్లు లేని ఒక అమ్మాయికి గది తాళంచెవి ఇస్తాడు, చివర్లో ఆ అమ్మాయి వెళ్లిపోతుంటే సాగనంపుతాడు. మొదటి మాట వినగానే మా ఆయన చెయ్యెత్తారు. "మల్ల పెట్టుండ్రి" అన్నారు. మళ్లీ విని, "గీ గొంతు గాయనది కాదు" అన్నారు. నేను పెదవులు చూశాను. మాట వెంట్రుకవాసి వెనకబడి ఉంది, ఊపిరి తీసుకునే చోటు వేరే. మాస్టారు తల పట్టుకుని, "నాకూ అనుమానమేనండి. ఊరి యాసను పారిస్ మనిషి అనుకరిస్తున్నట్టుంది" అన్నారు. ఎందుకలా జరిగిందో ఆయన ఎంత వెతికినా దొరకలేదు. జబ్బు చేసి గొంతు పోయిందేమో. మనిషిని నడిపించి, చేతులూపించి, మాట మాత్రం ఇంకొకడి చేత పలికించారు. కానీ ప్రతి మాటకూ ముందు దగ్గు ఉంది. భుజాలు ఎత్తిన చోటల్లా, ఆ పరాయి మనిషి, మరిచిపోకుండా, దగ్గాడు.

"ఎవలో బిట్ వాయిస్ ఆయన" అన్నారు మా ఆయన. "మనసున్నోడు. దగ్గును సుత వదల్లే."

ఆ సినిమాకు అప్పుడు గొంతు ఇవ్వనన్నారు. "ఆపరేషన్ అయినంక చూద్దాం" అని లేచారు. ఎందుకో నేనడగలేదు. ఇంటికి నడిచి వస్తుంటే మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. రోడ్డు మీద ఆయన చెయ్యి పట్టుకునే మనిషి కాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత కొన్ని వారాలు మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా వద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా దగ్గి గొంతు సవరించుకోకూడదు. "అది మాటకంటే చేటు. ఇక జీవితంలో ఆ అలవాటు మానేయాలి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఆయన తలూపారు. సాంచె దగ్గర పుట్టిన మనిషికి ఆ మాట ఎలా తగిలిందో డాక్టరుకు తెలిసే దారి లేదు.

ఇంట్లో మాట లేకపోవడం కంటే దగ్గు లేకపోవడమే నాకు కష్టమైంది. ఆయన గదిలోకి వచ్చినట్టు తెలిసేది కాదు. వెనక్కి తిరిగితే నిలబడి ఉండేవారు, నేను ఉలిక్కిపడేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మూగనోము పట్టినవాడికి ఊరు ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. కూరగాయలమ్మి ఆయనకు చెవుడనుకుని నాతో సైగలు చేసింది. అది చూసి నాకు మండింది. ఆయన పెదవులు కదిపితే నేను మాట ఇవ్వడం మొదలుపెట్టాను. ఇది నాకు వచ్చిన విద్యే కదా. బల్కంపేట సంతలో ఆయన నోరు కదిపేవారు, నేను పక్కన నిలబడి, "టమాటలు మెత్తగున్నయ్, జర గట్టియి ఇయ్యి" అనేదాన్ని. ఆటోవాళ్లతో, వాచ్‌మన్‌తో, ఫోన్లో ఆడపడుచుతో కూడా ఇదే వరస. "వదినె, నువ్వు అచ్చం అన్న లెక్కనే దగ్గుతున్నవ్" అని ఆడపడుచు నవ్వేదాకా, ప్రతి మాటకూ ముందు నేను దగ్గుతున్నానన్న సంగతి నాకే తెలియదు.

పరీక్షకు వెళ్లినరోజు మాత్రం కొంప ముంచాను. చిన్న డాక్టరు అటు తిరిగి రాసుకుంటూ, నొప్పి ఉందా అని అడిగాడు. ఈయన అలవాటుగా పెదవులు కదిపారు. నేను కుర్చీ వెనక నిలబడి, దగ్గి, గొంతు తగ్గించి, "లేదు సార్, మింగుతుంటే జర గుచ్చుకుంటది" అన్నాను. డాక్టరు గిరుక్కున తిరిగాడు. "మాట్లాడొద్దని చెప్పామా లేదా? పైగా గొంతు సవరిస్తున్నారు!" అని ఈయన మీద కేకలేశాడు. ఈయన రెండు చేతులూ జోడించి, కళ్లతో నన్ను చూపించారు. డాక్టరు నమ్మడానికి నేను మళ్లీ దగ్గి చూపించాల్సి వచ్చింది. లిఫ్టులో ఈయన చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరిపడేలా నవ్వారు.

తర్వాత మాట్లాడొచ్చని డాక్టరు అనుమతి ఇచ్చాడు. ఈయన మాట్లాడలేదు. ఇవాళ, రేపు అంటూ వేళ్లతో చూపించేవారు. ఒకసారి స్నానాలగదిలోంచి ఏదో సన్నటి శబ్దం వినపడితే పరిగెత్తాను, నా అడుగుల చప్పుడుకే ఆగిపోయింది. మాస్టారు ఫోన్ చేసి నాలుగో సినిమా సంగతి అడిగితే, ఈయన ఫోన్‌లో టైపు చేసి నాకు చూపించారు: "వేరేటోళ్లతోని చేయించుమని చెప్పు." నేను ఫోన్ సోఫా మీదికి విసిరాను. ఇన్ని వారాలు మీ గొంతుగా ఊరంతా తిరిగింది ఇందుకా అని అరిచాను. ఆయన ఫోన్ తీసి తుడిచి బల్ల మీద పెట్టారు.

ఆషాఢం వచ్చింది. ఎల్లమ్మ కల్యాణం రోజున బల్కంపేట దారులన్నీ మూసేశారు. ప్రతి ఏడూ వెళ్లేవాళ్లమే కాబట్టి వెళ్లాం. డప్పులు, మైకులు, పోలీసుల విజిల్స్, బోనాలెత్తుకున్న ఆడవాళ్లకు దారి ఇమ్మనే కేకలు. పక్కనున్నవాళ్లు చెవిలో అరిచినా వినపడదు. ఒక మూల గోడకు ఆనుకుని నిలబడ్డాం. అప్పుడు చూశాను, ఆయన పెదవులు కదులుతున్నాయి. ఊరికే కదపడం కాదు, మెడ నరాలు కదులుతున్నాయి. ఆయన మాట్లాడుతున్నారు. ఎవరికీ వినపడని చోటు చూసుకుని మాట్లాడుతున్నారు. నేను వినలేకపోయాను కానీ చదివాను.

"నా గొంతు నాది లెక్క లేదు. నువ్వు గా గొంతును చూసే నా దగ్గరికొచ్చినవ్. గిప్పుడు వింటే నన్ను గుర్తుపడుతవో లేదోనని మస్తు భయమైతుంది."

నా కళ్లు మసకలయ్యాయి. పెదవులు చదివేదానికి కళ్లు మసకలైతే పని జరగదు, అందుకని కొంగుతో తుడుచుకుని ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "ఏమండీ, మీరు చెప్పింది అంతా నాకు తెలిసింది. పెదవులు చూసి బతికేదాన్ని నేను. ఏ గొంతు వచ్చినా మాట మీదే, నాకు గుర్తే. పదండి ఇంటికి!" ఆయన బిత్తరపోయారు. ఇంట్లో తలుపు వేశాక, వంటింటి గడప దగ్గర నిలబడి, నా పేరు పెట్టి పిలిచారు. సన్నటి గొంతు, చివర్లో గాలి ఎక్కువ, గంజి దిగని కొత్త బట్టలా గరుకుగా ఉంది. దాని ముందు దగ్గు లేదు. నాకు కష్టంగానే అనిపించింది, అబద్ధం చెప్పను. పాత గొంతు కోసం దుఃఖపడ్డాను. అయినా ఆ పిలుపు వెనక అదే దయ ఉంది, నాకు ఉత్తరం తెచ్చిన మనిషే అది.

మరుసటి వారం నాలుగో సినిమాకు వెళ్లాం. అందరం ఒకటే మాట అనుకున్నాం. ఈ సినిమాలో ఆ నటుడికే వేరే గొంతు ఉంది, మన సినిమాలోనూ వేరే గొంతు ఉంటే తప్పేముంది అని. మాటలన్నీ నెమ్మదిగా అయ్యాయి. ఇబ్బంది వచ్చింది దగ్గు దగ్గర. తెర మీద మనిషి భుజాలెత్తి దగ్గుతున్నాడు, ఈయన దగ్గకూడదు. "పాత సినిమాల దగ్గులు నా దగ్గర ఉన్నయ్ అన్నా, అతికిస్త" అన్నాడు భాయ్. అతికించి వినిపించాడు. బండ గొంతు దగ్గు, దాని వెనక సన్నటి మాట. రెండూ రెండిళ్ల మనుషుల్లా ఉన్నాయి. ఈయన తల అడ్డంగా ఊపి, అద్దంలోంచి నా వైపు వేలు చూపించారు.

అలా నేను మొదటిసారి మైకు ముందు నిలబడ్డాను. మాటలు రాసేదాన్నే కానీ పలికేదాన్ని కాదు. ఒకే మైకు, ఇద్దరం భుజాలు ఆనించి నిలబడ్డాం. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు, వేలితో తట్టినప్పుడు నేను దగ్గాలి. ఆఖరి సీను. అమ్మాయి పెట్టె పట్టుకుని గుమ్మం దిగుతోంది. కాపలాదారు తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అతను చెప్పే ఆఖరి వాక్యం చివర తెర మీది పెదవులు ఒక్కసారి మూసుకుని తెరుచుకుంటాయి, అక్కడ నేను "బిడ్డా" అని పెట్టాను, గదికి మా ఆయన ఊరి మాట "అర్ర" వేశాను. తెర మీద భుజాలు లేచాయి. నా మణికట్టు మీద వేలు తగిలింది. నేను దగ్గాను. ఆయన అందుకున్నారు.

"గా అర్ర ఖాళీగనే ఉంచుత. ఎప్పుడొచ్చినా నీదే, బిడ్డా."

ఒక్క టేకులో అయిపోయింది. మాస్టారు అవతల గదిలో ముక్కు చీదుతున్న శబ్దం హెడ్‌ఫోన్లలో వినపడింది. భాయ్ వెనక్కి తిప్పి ఒకసారి విని, తన గదిలోని మైకు మీట నొక్కాడు. "అన్నా, మాట మంచిగొచ్చింది. దగ్గు ఒక్కటి మేడంది అని తెలుస్తుంది. తీసేద్దునా?"

మా ఆయన నా చెయ్యి వదలలేదు. కొత్త గొంతుతో, ముందు ఏ చప్పుడూ లేకుండా, నేరుగా చెప్పారు.

"ఉండనియ్ భాయ్. గా దగ్గు నాదే."